ఎంగిలి సగం

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

నువ్వు అబద్ధాలకోరువి. అవును, నిన్నే. ఈ పుస్తకం తెరిచి, ఎవడో ఏదో ఒప్పుకుంటాడని ఆశగా చదువుతున్న నిన్నే. నోట్లో నీతులు, జేబులో అగ్గిపెట్టె.

అలవాటు పోలేదు. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న నాలుగు పేజీల పత్రికలో నా సంపాదకీయాలన్నీ పాఠకుణ్ణి తిట్టడంతో మొదలై డిమాండ్లతో ముగుస్తాయి. ఈ పుస్తకానికి పాఠకుణ్ణి నేనొక్కణ్ణే. తిట్టు ఎవడికి తగలాలో వాడికే తగులుతుంది.

కుడి మణికట్టుకు నల్ల పట్టీ కట్టించుకుని వచ్చాను. పోయిన నెల స్కానింగులో ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తారట, ఈలోగా పొగ ముడితే తమ పూచీ లేదన్నారు. బందరు ఆసుపత్రిలో ఫోనుతో సిగరెట్టు మాన్పించే పరిశోధన జరుగుతోందని సుభాషిణి ఎక్కడో విని, భార్యగా కాదు, పోలీసుగా వెంటబెట్టుకెళ్ళింది. "రాజబాబు అన్నయ్య ఫొటోకి దండేసి ఏడు నెలలు కాలేదు. రెండో దండ నేను వెయ్యను," అంది ఆటోలో.

డాక్టరు పేరు దీవెన. ముప్పై దాటి ఉండదు. పట్టీలో చేతి కదలికను కనిపెట్టే చిప్పు ఉందట. సిగరెట్టు నోటి దగ్గరికి వెళ్ళి వచ్చే తీరు, అన్నం ముద్ద వెళ్ళే తీరు, కళ్ళజోడు సర్దుకునే తీరు వేరువేరుగా ఉంటాయట. అది ఎక్కడ, ఏ వేళకు జరిగిందో ఫోను గుర్తుపెట్టుకుంటుంది. రోజుకు నాలుగుసార్లు "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతుంది. కోరిక పుట్టే చోటికి వెళ్ళబోయే ముందే ఒక మెసేజ్ పంపుతుంది.

"కోరిక మూడు నుంచి అయిదు నిమిషాలుంటుంది సార్. ఆ అయిదు నిమిషాలు గట్టెక్కిస్తే చాలు."

"కంపెనీలకు తాళం వెయ్యలేని ప్రభుత్వం నా చేతికి సంకెల వేస్తోందన్నమాట."

"సంకెల కాదు సార్. స్నానానికి తీసెయ్యొచ్చు."

"మా ఆయన స్నానంలో సబ్బుతో కూడా వాదిస్తారమ్మా," అంది సుభాషిణి.

ఇది పనిచేస్తుందనడానికి రుజువేమిటని గద్దించాను. "మెసేజ్‌లకి మంచి ఆధారాలే ఉన్నాయి సార్, మానేసేవాళ్ళు పెరుగుతున్నారు. యాప్‌ల సంగతి ఇంకా గట్టిగా తేలలేదు. తేల్చడానికే మీరొచ్చారు," అంది. దబాయిస్తే దబాయించవచ్చు. నిజం చెప్పేవాళ్ళతో ఎలా పోట్లాడాలి?

ఫారంలో రోజుకు ఎన్ని అని ఉంది. పది సగాలు అన్నాను. ఆమె అయిదు అని రాసుకుంది. ఒక గొట్టంలో ఊదించింది. ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్ కొలిచే యంత్రమది. పద్నాలుగు. పొగతాగనివాళ్ళకు అయిదు దాటకూడదట.

ఇరవై ఎనిమిది రోజులు. మార్చి మూడున మళ్ళీ ఊదాలి.

ఫిబ్రవరి 4

మానేశాను. రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 6

కాలేజీలో ఒక కుర్రాణ్ణి ఊరికే కసిరాను. ఫోనులో వచ్చే మెసేజ్‌లు సర్కారు బడి గోడమీది సూక్తుల్లా ఉన్నాయి. 'మీ కుటుంబం మీకోసం ఎదురుచూస్తోంది.' 'ఈరోజు ఒక గ్లాసు నీళ్ళు తాగండి.' ఒక్కో నక్షత్రం ఇచ్చాను. సున్నా ఇవ్వడానికి వీల్లేదు.

బందరులో ఉదయం ప్యాసింజర్ ఎక్కి గుడివాడలో దిగడం, స్టేషన్ వెనక సైకిల్ స్టాండు గోడ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చోవడం, ఒక సిగరెట్టు వెలిగించడం, కాలేజీకి నడవడం. ఇరవై ఆరేళ్ళు ఇదే. ఒకే కాలేజీలో నేను ఎకనామిక్స్ లెక్చరర్ని, రాజబాబు తెలుగు. అతను ఎప్పుడూ నా ఎడమవైపే. సగం నేను కాల్చేవాణ్ణి, మిగతా సగం అతనికి ఇచ్చేవాణ్ణి. రోజుకు అలా పది. జీవితంలో రాజబాబు సిగరెట్టు కొనలేదు, వెలిగించలేదు.

గొంతు క్యాన్సర్. జూలైలో.

అతను పోయాక కూడా సగమే కాలుస్తూ వచ్చాను. మిగతా సగం ఆరిపోకుండా గోడ అంచున పెట్టి లేచేవాణ్ణి. ఎవరైనా లేనివాడు తీసుకుంటాడని. అంతకుమించి అందులో ఏమీ లేదు.

ఫిబ్రవరి 7

పట్టీ పాడైంది. పొద్దున ఎనిమిదింబావుకు గుడివాడలో ఒక సిగరెట్టు తాగానని లెక్క చూపిస్తోంది. నేను ముట్టుకోలేదు. బల్ల మీద కూర్చుని పేపరు చదివాను, అంతే.

యంత్రం సాక్ష్యం చెప్తే మనిషి ముద్దాయి. మార్చి సంచికలో దీనిమీదే రాస్తాను.

ఫిబ్రవరి 10

మళ్ళీ ఒకటి. అదే బల్ల, అదే ఎనిమిదింబావు.

సాయంత్రం బందరులో దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి గొట్టంలో ఊదాను. రెండు. "చూశావా అమ్మా! నా ఊపిరి నిజం చెప్తోంది, నీ పట్టీ అబద్ధం చెప్తోంది," అన్నాను. దీవెన కళ్ళు చిట్లించింది. పట్టీ మార్చింది.

తిరిగి వస్తుంటే ఫోను మోగింది. గోడమీది సూక్తి కాదు ఈసారి.

'అయిదు నిమిషాలే బావా. మన ప్యాసింజర్ క్రాసింగుకి ఆగేంతసేపు కూడా కాదు.'

ఈ జిల్లాలో అందరికీ అందరూ బావలే. ఎవడో రాసి ఉంటాడు.

అయిదు నక్షత్రాలు నొక్కాను. వేలు జారింది.

ఫిబ్రవరి 12

కొత్త పట్టీ. లెక్క: ఒకటి.

ఫిబ్రవరి 13

'గెలవాల్సిన పని లేదు బావా. ఊరికే కూర్చో.'

కౌతవరం స్టేషన్ దాటాక వచ్చింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. బండి కిటకిటలాడుతోంది, అయినా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. బ్యాగు పెట్టింది నేనే అని గుడివాడలో దిగుతూ చూసుకున్నాను.

ఫిబ్రవరి 14

దీవెన కంప్యూటరు తెర నావైపు తిప్పింది.

"ఎనిమిదిసార్లు చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది సార్. రోజూ సరిగ్గా ఎనిమిదే. తర్వాత చెయ్యి ఎడమవైపు చాపారు. అరచెయ్యి కిందికి ఉంది. మూడు సెకన్లు అలా ఉంచారు. ఇదిగో, ఇక్కడ చిన్న కుదుపు చూశారా?"

"రైలు కుదుపు."

"మీరు రైలు దిగి అప్పటికి పది నిమిషాలైంది సార్."

"ఈగ వాలుంటుంది."

"రోజూ అదే ఈగా సార్?"

ఆమె తెర మీది గీత వెంట వేలు పెట్టి మెల్లగా అంది. "సిగరెట్టు పారేసే కదలిక వేరుగా ఉంటుంది. ఇది పారెయ్యడం కాదు. మీ చెయ్యి ఎవరికో ఏదో ఇస్తోంది. వాళ్ళు తీసుకుంటున్నారు." వెంటనే నాలిక కరుచుకుంది. "అంటే తీసుకున్నట్టు ఉంది. ఏళ్ళ తరబడి అలవాటు సార్. ఆ చోటు కనిపిస్తే చాలు, మెదడు మిమ్మల్ని అడక్కుండానే చేతిని నడిపించేస్తుంది. చేతిలో సిగరెట్టు ఉందా లేదా అని కూడా చూసుకోదు."

శాస్త్రమే. ఒప్పుకుంటాను. కానీ ఖాళీ వేళ్ళలోంచి ఏదో లాక్కున్నట్టు ఆ కుదుపు దేనికి? అది ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

పదిహేనేళ్ళ కిందట బంటుమిల్లి దగ్గర ఒక ఊళ్ళో పిల్లకు దెయ్యం పట్టిందంటే నేనూ రాజబాబూ వెళ్ళాం. నేను వీధిలో నిలబడి గంటసేపు ఉపన్యాసం దంచాను. అతను వసారాలో ఆ పిల్ల పక్కన కూర్చుని రెండు మాటలు అడిగి, పాతిక మాటలు విన్నాడు. మర్నాటికి దెయ్యం పోయింది. తిరుగు బస్సులో అన్నాడు: "దెయ్యం లేదు బావా. చెప్పుకోలేని మాట ఉంది."

ఫిబ్రవరి 17

బల్ల మీద కూర్చోలేదు. ఏమీ ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 18

నిన్నటిది అబద్ధం.

ఆ బల్ల చూడకుండా చుట్టుతిరిగి వెళ్దామని కాలేజీ గేటు ఎదుటి కొట్టు ముందునుంచి వెళ్ళాను. ఒక విడి సిగరెట్టు కొన్నాను. వెలిగించాను. నడుస్తూనే వెనక్కి బల్ల దగ్గరికి వచ్చేశాను. కూర్చున్నాను. ఎనిమిది దమ్ములు. చెయ్యి ఎడమవైపు చాపాను. ఈసారి కళ్ళతో చూస్తూనే చాపాను, అయినా ఆపలేకపోయాను. ఫోను మోగింది.

'సగం దాకా వచ్చావు బావా. మిగతా సగం ఎవరికిస్తావు?'

ఇది కోరిక ముదిరాక పంపే మెసేజ్. కదలికను పట్టీ గుర్తించింది, చోటును ఫోను గుర్తించింది, నా మీద ఏ మాట పనిచేస్తుందో యాప్ నేర్చుకుంది. ప్రతి మెట్టూ నాకు తెలుసు. ఎవరికైనా బోర్డు మీద గీసి వివరించగలను.

సిగరెట్టు ఎప్పుడు కింద పడిందో తెలియదు. చెప్పుతో నలిపాను. ఎడమవైపు చూడకుండా లేచి వచ్చేశాను.

నిన్న సాయంత్రం ఊదితే తొమ్మిది.

ఫిబ్రవరి 20

దీవెనను నిలదీశాను. "ఈ మెసేజ్‌లు రాసిందెవరు?"

"మొదటి విడతలో చేరినవాళ్ళు సార్. డాక్టర్ల మాటకన్నా తోటివాళ్ళ మాట బాగా పనిచేస్తుందేమో చూద్దామని వాళ్ళచేతనే రాయించాం. ఎవరి మాట వచ్చాక మీ కోరిక తగ్గిందో, వాళ్ళ మాటలే ఎక్కువ పంపిస్తుంది. మీకేమో రెండో వారం నుంచీ ఒక్కరివే పనిచేస్తున్నాయి."

"పేరు?"

"చెప్పకూడదు సార్."

"నువ్వు చెప్పకు, నేను చెప్తాను. నాగాయలంక రాజబాబు."

ఆమె కాదనలేదు. "ఆయన ఎలా ఉన్నారు సార్? రెండేళ్ళ కిందట చేరారు. ఎన్ని తాగుతారంటే ఒక్కటీ లేదన్నారు. నేను సిగరెట్టు కొననే కొనను, ఎవరన్నా ఇస్తే తీసుకుంటానంతే అని నవ్వారు. మరి పట్టీ పది చూపించేది. పట్టీ తప్పనుకుని ఆయన లెక్కలు పక్కన పెట్టేశాం."

రాజబాబు ఇక్కడికి వచ్చాడు. మానాలనుకున్నాడు. నాకు చెప్పలేదు.

ఎందుకు చెప్తాడు? అప్పట్లో అలాంటి యాప్‌ల మీద నేను రెండు పేజీలు రాశాను. దోపిడీ కంపెనీలది, పశ్చాత్తాపం పేదవాడిది అని. అతను ప్రూఫులు దిద్దిపెట్టాడు.

"చనిపోయాడు," అన్నాను. ఈ యంత్రానికి అతను చనిపోయినట్టు తెలియదు. ఇప్పటికీ పొద్దున్నే పనిలోకి దిగుతున్నాడు.

దీవెన అంది. "అయితే వాళ్ళింట్లోవాళ్ళని అడగాలి సార్. వద్దంటే అన్నీ తీసేస్తాం."

తీసేస్తే? వారం కూడా నిలబడలేనని నాకు తెలుసు. సోమవారం నాటి సిగరెట్టును ఆపింది నా సిద్ధాంతం కాదు.

నేనే వెళ్ళి అడుగుతానన్నాను.

ఫిబ్రవరి 24

కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. లెక్క: ఒకటి.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి సెలవు. నాగాయలంక బస్సు నిండా కృష్ణలో మునగబోయే జనం. బట్టల మూటల మధ్య ఒంటికాలి మీద వెళ్ళాను. రోడ్డుకు అటూ ఇటూ మినుము చేలు, వాటి వెనక రొయ్యల చెరువులు.

జూలై తర్వాత ఆ ఇంటికి ఇదే రావడం. పెద్దకర్మకు వెళ్ళలేదు. కర్మకాండ మీద నా వైఖరి అందరికీ తెలిసిందే. బదులుగా వ్యాసం రాశాను.

రాజబాబు భార్య కనకరత్నం అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. లేవలేదు. "రండి అన్నయ్యగారూ. తలంటుకి వచ్చారా, తర్కానికి వచ్చారా?"

మెసేజ్‌ల సంగతి చెప్పాను. పట్టీ చూపించాను. తెర మీద కనబడిన చేతి కదలిక గురించి కూడా చెప్పాను, చెప్పకూడదనుకుంటూనే. గోడ మీద సగం సిగరెట్టు పెట్టి వచ్చేవాణ్ణని చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది.

"ఏడు నెలలూ?"

"ఆఁ."

"పెద్దకర్మనాడు ఆకులో ఆయనకిష్టమైనవన్నీ పెట్టాం. సిగరెట్టు పెట్టబోతే నేనే వద్దన్నానండీ. మూఢనమ్మకమని రాని మీరు రోజూ అక్కడ పిండం పెడుతున్నారా ఏంటి?"

నవ్వలేదు ఆమె. అది వేరమ్మా అన్నాను. చదువుకునే రోజుల్లో హాస్టల్లో రాజబాబు తాగిన గ్లాసును ఒకడు మట్టితో తోమి కడిగిన రోజు సంగతి చెప్పాను. పల్లెకారోడి ఎంగిలని వాడన్నాడు. నేను అందరి ముందూ నా నోట్లో సిగరెట్టు తీసి రాజబాబు నోట్లో పెట్టాను. భూమున్నవాడి కొడుకు, వలేసేవాడి కొడుకు, ఒకే సిగరెట్టు. హాస్టలంతా చప్పట్లు కొట్టింది. అప్పటినుంచీ అది మా రాజకీయం. అది సిగరెట్టు కాదు.

ఆమె చివరిదాకా విని, ఒక చేప పక్కకి తీసి పెట్టింది.

"ఎంగిలి ఎవరిదండీ?"

"అంటే?"

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారన్నా ముందు ఆయన వెలిగించి, ఆయన సగం మీకిచ్చాడా?"

వాదన కోసం వెతికాను. ముప్పై ఏళ్ళూ వెతికాను. దొరకలేదు.

లోపలికి వెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చింది. స్కూలు పిల్లల నోటుబుక్కు, అతని గుండ్రటి రాత. నలభై ఒక్క మెసేజ్‌లు. ప్రతిదాంట్లోనూ బావా అని ఉంది.

"పరిశోధనవాళ్ళు అందరి కోసం రాయమన్నారంట. ఈయన ఒక్కడికే రాశాడు. మొహం మీద చెప్పొచ్చుగా అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'మొహం మీద చెప్తే వాదిస్తాడే. నేనే ఓడిపోతాను. వాడికీ ఎప్పుడో దగ్గొస్తుంది, అప్పుడు సుభాషిణి లాక్కెళ్ళి ఆ ఫోను కట్టిస్తుంది. ఫోనుతో వాదించలేడు గదా' అన్నాడు."

చివరి పేజీలో ఒకటి రాసి కొట్టేసి ఉంది. ఆసుపత్రికి ఇవ్వని నలభై రెండోది.

'వద్దంటే నొచ్చుకుంటావని తీసుకున్నాను.'

వీధిలో జనం రేవు నుంచి తిరిగి వస్తున్నారు. తీసెయ్యమంటావా అమ్మా అని అడిగాను.

"ఉంచమనండి. బతికుండగా వినలేదు, ఇప్పుడన్నా వింటున్నారుగా."

బస్సెక్కాక గుర్తొచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

ఫిబ్రవరి 27

బల్ల దగ్గరికి వెళ్ళాను. గోడ అంచున, నేను పెట్టేచోట, కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. లెక్కపెట్టలేదు.

లెక్క: ఒకటి.

ఫిబ్రవరి 28

సుభాషిణికి అంతా చెప్పాను. "ఇప్పటికి తెలిసిందా!" అంది. ఏది అని అడగలేదు.

మార్చి 3, సోమవారం

పొద్దున బల్ల మీద కూర్చున్నాను. చేతిని పట్టుకోలేదు. ముందు నువ్వే, అన్నాను. పైకే అన్నాను. సైకిల్ స్టాండు మనిషి తిరిగి చూశాడు.

సాయంత్రం ఆసుపత్రిలో ఊదాను. రెండు. పదిహేడో తేదీ తర్వాత పొగ లేదన్నాను, ఊపిరి కాదనలేదు. దీవెన సంతోషించింది, తర్వాత తెర వైపు తిరిగింది.

"ఈరోజు వేరుగా ఉంది సార్. ఎనిమిదిసార్లు నోటి దగ్గరికి వెళ్ళలేదు. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నేరుగా ఎడమవైపు చాపారు. అరచెయ్యి పైకి ఉంది."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ఇంతసేపు చెయ్యి చాచి ఉంచితే నొప్పి పుట్టలేదా సార్?"

"కుదుపు ఉందా?"

గీతను అటూ ఇటూ జరిపి చూసింది. దగ్గరగా తెచ్చి మళ్ళీ చూసింది.

"లేదు సార్. దేన్నీ అందుకోలేదు. ఖాళీగానే వెనక్కి తీసుకున్నారు."

ఇవ్వలేదు. ముప్పై ఏళ్ళకు మొదటిసారి రాజబాబు నా మాట కాదన్నాడు.

పట్టీ తీసేయమంటారా అని అడిగింది. ఇంకా ఉండనీ అన్నాను. జూలైలో స్కానింగు ఉంది. అప్పటిదాకా మోస్తాను.

అలవాటు ప్రకారం, డిమాండ్లు.

1. రాజబాబు రాసిన నలభై ఒక్క మెసేజ్‌లలో ఒక్కటీ తీసెయ్యకూడదు. ఒక్క అక్షరమూ దిద్దకూడదు.

2. అతని లెక్కలు తప్పని పక్కన పెట్టిన కాగితాలను తిరిగి చేర్చాలి. పట్టీ పది అన్నది నిజం. పక్కన ఉన్నది నేను.

3. ఫారంలో ఇంకో గడి పెట్టాలి: రోజుకు ఎంతమందికి ఇస్తారు?

4. విడి సిగరెట్ల అమ్మకం ఆపాలి. ముందు మా కాలేజీ గేటు ఎదురుగా ఆపాలి.

5. కంపెనీల మీద నేను రాసిందేదీ వెనక్కి తీసుకోను. దోషుల జాబితాలో వాటి పక్కన నా పేరు కూడా వెయ్యాలి.

6. కౌతవరం దాటాక "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం మానకూడదు.

7. ఈ పుస్తకం చదువుతున్న నువ్వు: ఎవరైనా వద్దంటే నొచ్చుకోకు.